మూడో బటన్

అశ్వారావుపేట
3 జులై 2006

మహిమకు మీ మామ షాలేమ్‌రాజు దీవెనలు.

ఇక్కడ దేవుని దయ వల్ల తిని తిరుగుతున్నాం. మీ అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందో రాయి. ఫోన్ చేస్తే "బాగనే ఉందిరా" అని పెట్టేస్తుంది. ఒంట్లో బాగలేదని ఒప్పుకోవడం మా అక్కకు చిన్నప్పటి నుంచీ రాదు.

మా దవాఖానాకు మీ కంపెనీ కంప్యూటర్ వచ్చింది. దాంతో పాటు నలభై ఆరు పేజీల పుస్తకం కూడా. చివరి అట్ట లోపల చీమ తలకాయంత అక్షరాల్లో "తెలుగు: మహిమ" అని ఉంటే నలుగురికీ చూపించాను. తర్వాత లోపల చదివాను. చదివాక, ఎందుకు చూపించానా అనిపించింది.

పాస్‌వర్డ్ తప్పు కొడితే తెర మీద "ప్రమాణీకరణ విఫలమైంది" అని వస్తోంది. ముప్పై ఏళ్లుగా తెలుగు బైబిలు చదివేవాణ్ణి, నాకే అర్థం కాలేదు. నాతో పాటు ఊళ్లకు తిరిగే రూప్‌సింగ్ మిషన్ కాలిపోయిందనుకుని స్విచ్ ఆపేశాడు. "వినియోగదారు పేరు" అని ఉన్నచోట మొదటి వారమంతా అందరూ రోగి పేరు కొట్టారు. గోలీలు వాడుకునేది రోగే కదా, ఇంకెవరు వినియోగదారు అని వాళ్ల ప్రశ్న. ఇవన్నీ నవ్వుకుని వదిలేయొచ్చు.

వదిలేయలేనిది ఒకటుంది. నా పని నీకు తెలుసు. టీబీ ఉన్నవాళ్ల ఇళ్లకు సోమ, బుధ, శుక్రవారాలు సంచీ వేసుకుని పోయి, నా కళ్ల ముందు గోలీలు వేయించి రావాలి. ఒక్కొక్కరికి పేరు రాసిన పెట్టె ఒక్కొక్కటి. వచ్చాక ఆ పేరు ఎదురుగా బటన్ నొక్కాలి. మీరు ఇచ్చిన బటన్లు రెండే: "వేసుకున్నారు", "మానేశారు".

నేను వెళ్లని రోజు ఏది నొక్కాలి, బిడ్డా? మానేయడమంటే మనిషి ఇక చాలనుకుని చేసే పని. బీడీలు మానేస్తాం, బడి మానేస్తాం. ఇంటి ముందు కూర్చుని గోలీ కోసం ఎదురుచూసినవాళ్లు ఏం మానేసినట్టు? ఎవరు పెట్టారో కనుక్కుని మార్పించు.

మీ అత్తమ్మ అడిగినట్టు చెప్పమంది.

మీ మామ,
షాలేమ్‌రాజు


హైదరాబాద్
11 జులై 2006

మామయ్యకు వందనాలు.

అమ్మ మోకాలికి నూనె పట్టీ వేస్తున్నాం. నీ ఉత్తరం చదివి "వాడికి అక్షరాలు వచ్చినయంటే ఊరికే ఉండడు" అంది.

ముందు ఒక మాట. ఈ సంగతులు ఆఫీసు మెయిల్‌కి పంపొద్దు. మా ప్రాజెక్టు చూసే వెంకటరామారావు గారు అందరి మెయిళ్లూ చదువుతారు. పోస్టులోనే రాయి.

"ప్రమాణీకరణ" తప్పు నాదే. "పాస్‌వర్డ్ తప్పు. మళ్లీ కొట్టండి" అని మార్చేశాను. "వినియోగదారు పేరు" తీసేసి "మీ పేరు" అని పెట్టాను. రూప్‌సింగ్ గారికి నా క్షమాపణలు చెప్పు.

"మానేశారు" దగ్గర మాత్రం నీతో ఒప్పుకోలేను. తెర మీద మాట రాయడం ఉత్తరం రాయడం కాదు మామయ్యా. బటన్ వెడల్పు ఇంతని ఉంటుంది. మొదట నేను "ఈ రోజు గోలీ పడలేదు" అని రాశాను. బటన్‌లో పట్టలేదు, కింద వత్తులు తెగిపోయాయి. ఒక్క మాటలో చెప్పమన్నారు వెంకటరామారావు గారు. మర్యాదగా ఉండాలి, పక్కనున్న "వేసుకున్నారు"కి జతగా ఉండాలి. పది నిమిషాల్లో "మానేశారు" వచ్చింది. నాకు అది బాగానే అనిపించింది.

నువ్వు అడిగిన దానికి జవాబు పుస్తకంలోనే ఉంది. పద్నాలుగో పేజీ చూడు. "కార్యకర్త వెళ్లని రోజు ఆ గడిని ఖాళీగా వదలండి" అని స్పష్టంగా రాశాను. పుస్తకం చదవకుండా తెరను తిట్టడం, ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంటుంది. నిన్ను కాదులే, అందరినీ అంటున్నాను.

అత్తమ్మకు ముద్దులు.

నీ
మహిమ


అశ్వారావుపేట
20 జులై 2006

మహిమకు,

మద్దెల సంగతి బాగా చెప్పావు. పద్నాలుగో పేజీ నేను మూడుసార్లు చదివాను. రాసినదానివి నువ్వు ఒక్కసారైనా చేసి చూశావా?

గడి ఖాళీగా వదిలితే శనివారం సాయంత్రానికి ఎర్రబడుతుంది. ఎరుపు ఉన్నంతసేపు "పంపు" నొక్కితే లెక్క ముందుకు పోదు. పోకపోతే మా పేరు మీద ఆలస్యం పడుతుంది. నెలాఖరు మీటింగులో డైరెక్టరు గారు తెరను గోడ మీద వేసి, ఎవరికి ఎన్ని ఎరుపులో అందరి ముందూ చదివిస్తారు. పేరు వచ్చినవాళ్లు నిలబడాలి. యాభై ఏళ్ల మనుషులం, బడిపిల్లల్లా నిలబడతాం.

అందుకని ఇక్కడ ఒక పద్ధతి పుట్టింది. శనివారం అందరూ వచ్చి కంప్యూటర్ దగ్గర వరసగా కూర్చుంటారు. ఎవరు ఎక్కడికి వెళ్లారు, వెళ్లలేదు అన్న మాటే లేదు. ఖాళీ ఉన్నచోటల్లా "మానేశారు" నొక్కుకుంటూ పోతారు. తర్వాత టీ తాగి ఇళ్లకు పోతారు. ఎరుపులు పోతాయి, డైరెక్టరు గారికి సంతోషం.

ఇంకొక సంగతి నీ పుస్తకంలో ఎక్కడా లేదు. వరసగా ఆరు "మానేశారు"లు పడితే ఆ పేరు దానంతట అదే "మానేసినవారి జాబితా"లోకి పోతుంది. పెట్టెను స్టోరుకు వాపసు చేయమని కాగితం వస్తుంది. మళ్లీ కావాలంటే ఆ మనిషి మొదటి నుంచి, రెండు నెలలు సూదులు పొడిపించుకుంటూ మొదలుపెట్టాలి. ఆ సూదులకు చెవులు దిబ్బడ వేస్తాయి, ఒళ్లు తూలుతుంది. ఒక్క మాట నొక్కితే జరిగేది ఇది.

ఇప్పుడు చెప్పు, మద్దెల ఓడేనా కాదా.

మీ మామ,
షాలేమ్‌రాజు


హైదరాబాద్
5 ఆగస్టు 2006

మామయ్యకు,

జాబితా సంగతి నాకు తెలియదు. తెరల మీద మాటలు రాసేవాళ్లకు వెనకాల ఏం జరుగుతుందో చెప్పరు. చెప్పరని నేనూ అడగలేదు.

నీ ఉత్తరం పట్టుకుని మంగళవారం మీటింగులో లేచాను. ఆ రోజు మీటింగు దేని మీదనుకున్నావు? పుస్తకమంతటా "నొక్కండి" అనాలా, "ఎంచుకోండి" అనాలా, "క్లిక్ చేయండి" అనాలా అన్నదాని మీద. గంటా పది నిమిషాలు. ఏడుగురం. బటన్ అయితే నొక్కండి, పట్టీలోంచి తీసుకునేదైతే ఎంచుకోండి అని చివరికి తేలింది. నేనే గట్టిగా వాదించి గెలిచాను. అది అవసరమైన వాదనే, ఇప్పటికీ అదే అంటాను.

తర్వాత నీ సంగతి ఎత్తాను. కార్యకర్త వెళ్లకపోతే నొక్కడానికి బటన్ లేదు, "మానేశారు" అబద్ధమవుతోంది అన్నాను. రెండు నిమిషాలు పట్టలేదు. వెంకటరామారావు గారు నవ్వి, "కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా? డబ్బు కట్టే దవాఖానా ట్రస్టువాళ్లే రెండు బటన్లు చాలన్నారు" అన్నారు. అడిగిన కాగితం కూడా చూపించారు. అందులో మీ డైరెక్టరు గారు రాసిన వాక్యం: "మా వైపు లోపం కనిపించే గడి అవసరం లేదు."

అంత విప్పి రాసుకున్నారు, సిగ్గు కూడా పడలేదు. ఆ కాగితం ముట్టుకున్న చేతులు కడుక్కోవాలనిపించింది. నేను రాసిన మాట వాళ్లకు అంత బాగా పనికొచ్చిందని అప్పుడు తెలిసింది. నేను వెడల్పు చూసుకుని రాశాను, వాళ్లు మురిసిపోయి తీసుకున్నారు.

మళ్లీ అడుగుతాను. నీ దగ్గర జరిగిన సంగతి ఏదైనా ఉంటే వివరంగా రాయి. ఊరికే మాట బాగలేదంటే ఇక్కడ ఎవరూ వినరు.

నీ
మహిమ


అశ్వారావుపేట
22 ఆగస్టు 2006

మహిమకు,

జరిగిన సంగతి అడిగావు. రాస్తున్నాను.

వాగుకు అవతల అడవిలో పద్నాలుగు ఇళ్ల కోయగుంపు ఒకటి ఉంది. అక్కడ కన్నమ్మ అని ఒకామె. నలభై ఉంటాయేమో. ఒక్కతే ఉంటుంది, తునికాకు కోస్తుంది, జీలుగు ఆకుల చీపుర్లు కట్టి సంతకు తెస్తుంది. జూన్ నుంచి గోలీలు వాడుతోంది. ఒక్కరోజు తప్పలేదు. వాంతి అయినా నోరు కడుక్కుని మళ్లీ వేసుకున్న మనిషి.

జులై ఆఖరున వానలు పట్టి వాగు వచ్చింది. కార్యకర్త అవతలికి పోలేదు. సోమ, బుధ, శుక్ర, మళ్లీ సోమ, బుధ, శుక్ర. ఆరుసార్లు. రెండు శనివారాలూ అందరితో పాటు కూర్చుని "మానేశారు" నొక్కాడు. పేరు జాబితాలోకి పోయింది. పెట్టె స్టోరుకు పోయింది.

పద్నాలుగో తారీఖున ఆమే అడవిలో పదకొండు కిలోమీటర్లు నడిచి దవాఖానాకు వచ్చింది. కౌంటరు పిల్ల పేరు కొట్టి చూసి, "నువ్వు మానేసినవ్ గదమ్మా, ఇండ్ల గట్లనే ఉంది" అంది. కన్నమ్మ చీపుర్ల కట్ట అక్కడే మరిచిపోయి వెనక్కి పోయింది.

నేను డైరెక్టరు గారి దగ్గరికి పోయాను. "ఏందయ్యా, కంప్యూటర్ల తీసే దారి లేదు. ఆమెను వచ్చి సూదులు మొదలువెట్టమను" అన్నాడు. దినం విడిచి దినం పదకొండు కిలోమీటర్లు నడిచొచ్చి సూది పొడిపించుకుని తిరిగి నడవగలిగిన మనిషైతే ఆమెకు జబ్బే లేనట్టు.

మే నెలలో గోపాలు అనే ముసలాయన చనిపోయాడు. ఆయన పెట్టె వాపసు చేయకుండా నా దగ్గరే ఉండిపోయింది. అవే గోలీలు. ముప్పై పూటలవి మిగిలాయి. పదహారో తారీఖు నుంచి ఎవరికీ చెప్పకుండా కన్నమ్మకు అవి వేయిస్తున్నాను. చచ్చినవాడి గోలీలు, దొంగతనంగా. అక్టోబరు నెలాఖరుకు అయిపోతాయి. ఆలోపు ఆమె పేరు జాబితాలోంచి బయటపడకపోతే ఆమెకు మందు ఉండదు. మధ్యలో మందు ఆగితే జబ్బు ఎలా తిరగబడుతుందో నేను చాలామందిలో చూశాను.

మూడో బటన్ పెట్టించు. పాత తారీఖులకూ నొక్కేలా ఉండాలి.

షాలేమ్‌రాజు


హైదరాబాద్
1 సెప్టెంబరు 2006

మామయ్యా,

ఉత్తరం చదివి అన్నం తినలేకపోయాను. అమ్మకు చదివి వినిపించాను. ఆమె లేచి లోపలికి వెళ్లిపోయింది.

ఆ కార్యకర్త ఎవరు? నువ్వు పేరు ఎందుకు రాయలేదు? ఎదురుచూసే మనిషి దగ్గరికి ఆరుసార్లు పోకపోవడం ఒకటి. తర్వాత చల్లగా కూర్చుని ఆమే మానేసిందని ఆరుసార్లు నొక్కడం ఇంకొకటి. మొదటిది బద్ధకం అనుకోవచ్చు. రెండోదానికి నాకు మాట దొరకడం లేదు, మాటలతో బతికేదాన్ని. అలాంటివాడి పక్కన కూర్చుని నువ్వు టీ ఎలా తాగుతున్నావు? రోత పుట్టడం లేదా? వాడి మీద ఉమ్మేసినా తప్పు లేదు.

వాళ్లలాంటివాళ్లను పట్టించే బటనే పెట్టిస్తాను. కన్నమ్మ పేరు లేకుండా జరిగినదంతా ఒక కాగితం మీద రాసి, విదేశాల నుంచి ట్రస్టుకు డబ్బిచ్చేవాళ్లు డిసెంబరులో వచ్చినప్పుడు వాళ్ల చేతిలో పెడతానని వెంకటరామారావు గారికి చెప్పాను. ఆయన ముఖం మాడింది. కానీ సరే అన్నారు.

ఇక మాట దగ్గర పేచీ. ఆయన "సేవ అందించబడలేదు" అని రాయమన్నారు. ఎవరు అందించలేదు అంటే అది బటన్‌లో పట్టదన్నారు. నేను "నేను వెళ్లలేదు" అని రాసి, బటన్ వెడల్పు పెంచమన్నాను. మూడు రోజులు గొడవ. పెంచారు. అది నొక్కినవాడి పేరు కూడా పక్కన పడుతుంది, మీ డైరెక్టరు గారికి కనిపిస్తుంది. అలా అడిగింది నేనే.

నీ
మహిమ


హైదరాబాద్
9 అక్టోబరు 2006

మామయ్యకు,

నెల దాటింది, నీ దగ్గర నుంచి అక్షరం లేదు. నీతో పనిచేసేవాళ్లను అన్నానని కోపమా? ఆ మనిషి నీకు స్నేహితుడా? ఎవరైనా సరే, అన్న మాట వెనక్కి తీసుకోను. కన్నమ్మ ఎలా ఉందో అదొక్కటైనా రాయి. బటన్ ఈ నెలాఖరుకు వస్తుంది.

మహిమ


అశ్వారావుపేట
16 అక్టోబరు 2006

మహిమా,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నెల రోజులుగా తిరుగుతున్నాను. ఆ మనిషిని నేనే. కోయగుంపు నా ఊళ్లలోదే, ఇంకెవరు పోతారు? నువ్వు గ్రహించి ఉంటావనుకున్నాను. గ్రహించలేదని నీ ఉత్తరం చూశాక తెలిసింది. మీ అమ్మ లోపలికి ఎందుకు పోయిందో ఇప్పుడు నీకు అర్థమవుతుంది.

వాగు వచ్చిన మాట నిజం. మొదటి మూడుసార్లు నడుము దాటి నీళ్లు, నేను ఒడ్డు దాకా పోయి తిరిగొచ్చాను. నాలుగోసారికి మోకాలి లోతే. నేను ఇంటి దగ్గర నుంచి కదలలేదు. వారం రోజులు పొద్దున్నే లేవకుండా పడుకోవడం అలవాటైంది, హాయిగా ఉంది. మీ అత్తమ్మ పకోడీలు వేసింది. వాగు ఇంకా నిండుగానే ఉందని ఆమెతో చెప్పాను. అదీ సంగతి, ఇంతకంటే పెద్ద కారణం లేదు.

శనివారం నొక్కేటప్పుడు చెయ్యి వణికిందని రాస్తే బాగుండేది. వణకలేదు. అందరూ నొక్కుతున్నారు, నేనూ నొక్కాను. జులైలో నీకు అంత నీతి రాసినవాణ్ణి, ఆగస్టులో ఆ బటనే నొక్కి టీ తాగాను. ఆమె చీపుర్ల కట్ట కౌంటరు పక్కన పడి ఉండటం చూసినప్పుడు మొదటిసారి నా మీద నాకు రోత పుట్టింది. ఉమ్మేసినా తప్పు లేదన్నావు, నిజమే.

ఆమెకు ఈ సంగతి తెలియదు. నేను పోయినప్పుడల్లా చాపేసి కూర్చోబెడుతుంది. మొన్న చిక్కుడుకాయలు కోసి సంచీలో వేసింది. వద్దంటే వినలేదు. ఇంటికి తెచ్చి పారబోశాను, తినబుద్ధి కాలేదు.

గోపాలు పెట్టెలో మూడు పూటలవి మిగిలాయి. వచ్చే సోమవారంతో అయిపోతాయి, నెలాఖరు దాకా రావు.

షాలేమ్‌రాజు


హైదరాబాద్
20 అక్టోబరు 2006

మామయ్యా,

నిన్ను క్షమించానని రాయాలని నాలుగు కాగితాలు చింపాను. అబద్ధం రాయడం ఇష్టం లేక ఆపేశాను. నువ్వు పదిహేను రోజుల పాటు చేశావు. నేను పది నిమిషాల్లో చేశాను. ఇద్దరిలో ఎవరిని చూసి ఎక్కువ అసహ్యించుకోవాలో తెలియడం లేదు.

నెలాఖరు దాకా ఆగితే గోలీలు అయిపోతాయని, ప్రోగ్రామర్ల దగ్గర కూర్చుని ముందే పూర్తి చేయించాను. ఈ కవరులోనే సీడీ పెట్టాను. కంప్యూటర్‌లో వేయించు. ఆరు తారీఖులకూ "నేను వెళ్లలేదు" నొక్కితే కన్నమ్మ పేరు జాబితాలోంచి వెంటనే బయటికి వస్తుంది, ఆగినచోటి నుంచి మందు మొదలవుతుంది. సూదులు అక్కర్లేదు. గోపాలు గోలీల సంగతి మీ దవాఖానా డాక్టరుకు నోటితో చెప్పు, ఆయన మనిషి మంచివాడని నువ్వే అన్నావు ఒకసారి.

నొక్కినవాడి పేరు పడుతుంది. తీసేయమని అడగడానికి ప్రోగ్రామరు గది దాకా వెళ్లి, గుమ్మంలోంచి తిరిగొచ్చాను. అది రాయడానికే సిగ్గుగా ఉంది. నొక్కమని గాని వద్దని గాని నేను చెప్పను.

మహిమ


హైదరాబాద్
4 డిసెంబరు 2006

మామయ్యా,

మొదటి నెల లెక్క మా ఆఫీసుకు వచ్చింది. పన్నెండు కేంద్రాలు, యాభై మూడు మంది కార్యకర్తలు. "మానేశారు" రెండు వందల పదకొండు. "నేను వెళ్లలేదు" ఆరు.

ఆ ఆరూ ఒక్కరివే. ఎవరివో పేరు చూడక్కర్లేకపోయింది. వెంకటరామారావు గారు ఆ కాగితం అందరికీ చూపించి, "చూశారా, ఎవరికీ అక్కర్లేని బటన్ కోసం మూడు రోజులు" అన్నారు. అందరూ నవ్వారు. నాకు అక్కడ ఇంకొక్క రోజు కూర్చోబుద్ధి కావడం లేదు.

నీకేమైంది? ఉత్తరం రాయి.

మహిమ


అశ్వారావుపేట
11 డిసెంబరు 2006

మహిమకు మీ మామ దీవెనలు.

నెలాఖరు మీటింగులో తెరను గోడ మీద వేశారు. డైరెక్టరు గారు చదివి వినిపించారు: "యాభై మూడు మందిల డ్యూటీకి పోనోడు ఒక్కడే ఉన్నడు. లేవయ్యా షాలేమ్‌రాజు." లేచాను. మిగతావాళ్లు తలలు వంచుకున్నారు. రూప్‌సింగ్ ఒక్కడు నా వైపు చూశాడు. ఆ సాయంత్రమే సంచీ, రిజిస్టరు, గుర్తింపు కార్డు తీసుకుని పంపేశారు. ఇరవై రెండేళ్ల పని. నీ బటన్‌ను తప్పు పట్టడం లేదు, బిడ్డా. అది నిజమే చెప్పింది. ఎవరి గురించి చెప్పిందో వాడే నొక్కాడు.

కన్నమ్మకు పెట్టె తిరిగి వచ్చింది. డాక్టరు చూసి, నెలన్నరలో పూర్తవుతుంది, సూదులు వద్దన్నాడు. నా ఊళ్లకు కొత్తవాడు వచ్చాడు. వాడి మీద నాకు నమ్మకం లేక, గోలీ వేసే రోజుల్లో నేనూ పోయి చూసి వస్తున్నాను.

పోయిన శుక్రవారం ఆమెతో అంతా చెప్పాను. వానల్లో నేనే రాలేదని, నువ్వు మానేశావని నొక్కింది నేనేనని చెప్పాను. ఆమె చీపురు కడుతూ తల ఎత్తలేదు.

"ఎర్కే," అంది. "ఆరు దినాలు నేను ఒడ్డు మీదనే కూసున్న. ఎనక మూడు దినాలు నీళ్లు మోకాలికే ఉండె. నువ్వు రాలే."

మరి కౌంటరు దగ్గర ఆ పిల్లతో ఎందుకు చెప్పలేదని అడిగాను.

"కంప్యూటర్ల గట్ల పడ్డదని చెప్పింది గదా," అంది. "నేనే మానేసిన్నేమో అనుకున్న. ఎప్పుడు మానేసిన్నా అని ఇంటికి పోయేదాంక యాది చేసుకుంటనే ఉన్న."

మీ మామ,
షాలేమ్‌రాజు